జోన్ 21 నుంచి 15కి ఎందుకు పడిపోయింది? ఒక కాపర్ కాంప్లెక్స్ కేస్ స్టడీ

ఫిబ్రవరిలో చేసిన కాపర్ కాంప్లెక్స్ (రాగిని పట్టుకున్న ఆర్గానిక్ అణువు) స్టాఫైలోకాకస్ ఆరియస్ బాక్టీరియా ప్లేటు మీద 21 మిల్లీమీటర్ల జోన్, అంటే బాక్టీరియా పెరగని వలయం, ఇచ్చింది. ఏప్రిల్‌లో అదే కాంప్లెక్స్‌ను మళ్లీ చేసి పెడితే 15 వచ్చింది. లిగాండ్ (లోహాన్ని పట్టుకునే అణువు) అదే, లోహం అదే, బాక్టీరియా అదే. "రెండో బ్యాచ్ ఎక్కడో పాడైంది సర్, మళ్లీ చేస్తాను" అంది మా స్కాలర్. నాకూ అలాగే అనిపించింది. అసలు తేడా మొదటి బ్యాచ్‌లో ఉందని తెలిసేసరికి జూన్ నెల దాటింది. లోహ కాంప్లెక్సులు చేసి బాక్టీరియా మీద పరీక్షించే పని ఇప్పుడు మన డిగ్రీ కాలేజీల నుంచి యూనివర్సిటీల దాకా చాలాచోట్ల నడుస్తోంది. ఆ పనిలో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని ఈ కేసు మొత్తం రాస్తున్నాను.

ముందు మేం ఏం చేశామో చెబుతాను. మా లిగాండ్ సాలిసిలాల్డిహైడ్ థయోసెమికార్బజోన్. చేయడం కష్టం కాదు. వేడి ఇథనాల్‌లో 1.22 గ్రాముల సాలిసిలాల్డిహైడ్, 0.91 గ్రాముల థయోసెమికార్బజైడ్ కలిపి, నాలుగు చుక్కల అసిటిక్ యాసిడ్ వేసి రెండు గంటలు రిఫ్లక్స్ చేస్తే, అంటే ఆవిరి చల్లబడి తిరిగి ఫ్లాస్కులోనే పడేలా మరిగిస్తే చాలు. చల్లారాక లేత పసుపు రంగు స్ఫటికాలు దిగుతాయి. ఈ అణువు ఆక్సిజన్, నైట్రోజన్, సల్ఫర్ అనే మూడు చోట్లతో లోహాన్ని పట్టుకుంటుంది. మేం దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. థయోసెమికార్బజోన్ల కుటుంబానికి మందుగా మంచి చరిత్ర ఉంది. థయాసిటజోన్‌ను క్షయకు ఏళ్ల తరబడి వాడారు. ఇదే కుటుంబంలోని మెథిసజోన్‌ను 1963లో మద్రాసులో మశూచి రోగులతో కలిసి మెలిగినవాళ్లకు ఇచ్చి చూశారు.

ఇక రాగి సంగతి మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం నేటికీ తోటల్లో కొడుతూనే ఉన్నారు. 1885లో ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటల్లో బూజు తెగులుకు మిలార్డే ఈ మిశ్రమాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. సూక్ష్మజీవులకు రాగి పడదు. దాన్ని సరైన లిగాండ్‌తో కడితే తక్కువ మోతాదులోనే పనిచేస్తుందా అన్నది మా ప్రశ్న.

ఫిబ్రవరి బ్యాచ్‌లో 5 మిల్లీమోల్స్ లిగాండ్‌కు, అంటే 0.98 గ్రాములకు, ఒకటిన్నర రెట్ల కాపర్ క్లోరైడ్ డైహైడ్రేట్, అంటే 1.28 గ్రాములు వేశాం. రియాక్షన్ పూర్తవ్వాలని రాగి కాస్త ఎక్కువ వేయడం చాలామందికి అలవాటు. మెథనాల్‌లో మూడు గంటలు రిఫ్లక్స్ చేశాక చిక్కటి ఆకుపచ్చ ద్రావణం వచ్చింది. చల్లారాక దిగిన పొడి కొంచెమే. యీల్డ్ (చేతికొచ్చే ఉత్పత్తి) పెంచాలని ఆ ద్రావణాన్ని వాటర్ బాత్ మీద దాదాపు ఆరిపోయేదాకా ఉంచి, మిగిలినదాన్ని ఈథర్‌తో రెండుసార్లు కడిగి, డెసికేటర్‌లో ఆరబెట్టాం. 1.43 గ్రాములు వచ్చింది. ఒక లిగాండ్‌కు ఒక రాగి, ఒక క్లోరిన్ చొప్పున లెక్కేస్తే మోలార్ బరువు 293, యీల్డ్ 97 శాతం. ఆ రోజు ల్యాబ్‌లో అందరం సంతోషపడ్డాం. ఇప్పుడైతే 97 అన్న అంకె చూస్తేనే నాకు అనుమానం వస్తుంది. ఒక ఫ్లాస్కులోంచి ఇంకో దాంట్లోకి మార్చినప్పుడు, ఫిల్టర్ పేపరుకు అంటుకున్నప్పుడు ఎంతో కొంత పోవాలి కదా.

తర్వాత క్యారెక్టరైజేషన్. ఈ కేసులో నేను ఎక్కువగా చెప్పాలనుకుంటున్న భాగం ఇదే.

ఐఆర్ (పరారుణ స్పెక్ట్రమ్, అంకెలు సెంటీమీటరుకు తరంగాల లెక్కలో) తీయించాం. లిగాండ్‌లో 1610 ప్రాంతంలో ఉన్న కార్బన్-నైట్రోజన్ డబుల్ బాండ్ పట్టీ కాంప్లెక్స్‌లో పదిహేను వరకు కిందికి జరిగింది. ఫినాల్ ఓహెచ్ పట్టీ పోయింది. 500 లోపల లోహం-నైట్రోజన్, లోహం-ఆక్సిజన్ పట్టీలు కనిపించాయి. యూవీ-విజిబుల్ స్పెక్ట్రమ్ మేం అనుకున్నట్టే ఉంది. మాగ్నెటిక్ మొమెంట్ 1.9 బోర్ మాగ్నెటాన్ల దగ్గర వచ్చింది. ఒంటరి ఎలక్ట్రాన్ ఒకటే ఉన్న కాపర్-2కి అది సరిపోతుంది. మెల్టింగ్ పాయింట్ అంటూ ఏమీ లేదు, 250 డిగ్రీలు దాటాక పొడి నల్లబడిపోయింది. అన్నీ పాస్.

ఇప్పుడు ఒక్కొక్కటీ తీసుకుని చూడండి. ఆ పొడిలో వాడని కాపర్ క్లోరైడ్ మిగిలి ఉంటే ఐఆర్ దాన్ని పట్టుకుంటుందా? 4000 నుంచి 400 వరకు మనం తీసే పరిధిలో కాపర్ క్లోరైడ్‌కు సొంత పట్టీ ఏదీ లేదు. దాని స్ఫటికంలోని నీటి పట్టీ ఒక్కటే కనిపిస్తుంది. అది 3400 దగ్గర వెడల్పుగా వస్తే "తేమ" అని వదిలేస్తాం. యూవీ చూస్తే, లిగాండ్ ఉన్న కాంప్లెక్స్ శోషణ అంత గట్టిగా ఉన్నప్పుడు దాని ముందు కాపర్ క్లోరైడ్ ఉప్పు రంగు ఆనదు. మాగ్నెటిక్ మొమెంట్ తీసుకుంటే, మలినంలో ఉన్నదీ కాపర్-2యే, దాని లెక్కా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఎన్‌ఎంఆర్ తీద్దామంటే కాపర్-2 పారామాగ్నెటిక్, సిగ్నళ్లు వెడల్పయి పోతాయి. కుళ్లిపోయే పొడికి మెల్టింగ్ పాయింట్ పనికిరాదు. అంటే పేపర్లలో టేబుల్ 1, టేబుల్ 2గా వేసే పరీక్షల్లో చాలావరకు "కాంప్లెక్స్ ఏర్పడింది" అని మాత్రమే చెబుతాయి. "కాంప్లెక్స్ మాత్రమే ఉంది" అని చెప్పలేవు. ఈ రెంటికీ ఉన్న దూరం నేను ఇరవై ఏళ్లు పాఠం చెబుతూ కూడా ఇంత స్పష్టంగా చూడలేదు.

అలా చెప్పగలిగేవాటిలో మేం ఆధారపడ్డవి రెండు. ఒకటి సీహెచ్‌ఎన్ ఎనాలిసిస్ (కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ శాతాలు), రెండోది లోహం శాతం. సీహెచ్‌ఎన్ మా దగ్గర లేదు, బయటి ల్యాబ్‌కు పంపాలి. పంపాం, కానీ రిపోర్టు కోసం ఆగకుండా మైక్రోబయాలజీ వాళ్ల దగ్గరికి శాంపిల్ తీసుకెళ్లాం.

అక్కడ వెల్ డిఫ్యూజన్ పద్ధతి. ముల్లర్-హింటన్ అగార్ 4 మిల్లీమీటర్ల మందంలో పోసి, 0.5 మెక్‌ఫార్లాండ్‌కు (కల్చర్ చిక్కదనానికి ప్రామాణిక కొలత) సరిచూసిన కల్చర్‌ను స్వాబ్‌తో మూడు దిక్కులా రాసి, 6 మిల్లీమీటర్ల వెల్స్ (గుంతలు) తీశాం. ఒక్కో దాంట్లో 100 మైక్రోలీటర్లు, డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున. ఒక వెల్‌లో కాంప్లెక్స్, ఒకదాంట్లో లిగాండ్, ఒకదాంట్లో ఉత్త డీఎంఎస్‌ఓ, ప్లేటు మధ్యలో సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) యాంటీబయాటిక్ డిస్క్. మర్నాడు స్కేలు పెట్టి కొలిస్తే కాంప్లెక్స్ 21, లిగాండ్ 12, డీఎంఎస్‌ఓ 8, సిప్రో 26. ఈ. కోలై మీద కాంప్లెక్స్ 14. ఒక సెమినార్‌కు అబ్‌స్ట్రాక్ట్ కూడా పంపేశాం. "లిగాండ్ కన్నా కాంప్లెక్స్ చాలా మెరుగు, సిప్రోకు దగ్గరగా ఉంది" అని రాశాం.

ఆ వాక్యంలో రెండో సగం గురించి ఇక్కడే చెప్పేస్తాను. సిప్రో డిస్కులో ఉన్నది 5 మైక్రోగ్రాములు. మేం వెల్‌లో పోసింది 500 మైక్రోగ్రాములు. వంద రెట్లు ఎక్కువ పోసి "దగ్గరగా ఉంది" అనడం సరైన పోలిక కాదు. స్టాఫైలోకాకస్ ప్రామాణిక స్ట్రెయిన్ ఏటీసీసీ 25923 మీద ఆ డిస్కుకు 22 నుంచి 30 మధ్య రావాలి. మా 26 ఆ హద్దులోనే ఉంది కాబట్టి ప్లేటు బాగానే పనిచేసిందని అర్థం. కంట్రోల్ డిస్క్ ఉపయోగం అంతవరకే. మా కాంప్లెక్స్ ఎంత గొప్పదో అది చెప్పదు.

ఏప్రిల్‌లో రెండో బ్యాచ్. ఈసారి రాగి సమానంగా వేశాం, వాటర్ బాత్ మీద ఆరబెట్టలేదు, దిగిన పొడిని గోరువెచ్చని మెథనాల్‌తో, ఆ తర్వాత నీళ్లతో కడిగాం. 1 గ్రాము వచ్చింది, 68 శాతం. జోన్ 15. ఈ. కోలై మీద 9, అంటే డీఎంఎస్‌ఓకు ఒక్క మిల్లీమీటరు ఎక్కువ. అప్పుడే స్కాలర్‌కు టెన్షన్ మొదలైంది. ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రత చూశాం, అగార్ మందం చూశాం, కల్చర్ మార్చి చూశాం. మూడుసార్లూ 15, 15, 14.

సమాధానం ఒక మధ్యాహ్నం ఐదు నిమిషాల్లో దొరికింది. సీహెచ్‌ఎన్ రిపోర్టు వచ్చింది. ఫిబ్రవరి బ్యాచ్‌లో కార్బన్ 32.8 శాతం ఉండాల్సింది, 25.6 ఉంది. ఏడు శాతం తేడాను తేమ అని సర్దుకోలేం. అప్పుడు ఆ పొడి 50 మిల్లీగ్రాములు పరీక్ష నాళికలో వేసి, 5 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి గట్టిగా కుదిపి ఫిల్టర్ చేయమని స్కాలర్‌కు చెప్పాను. మా కాంప్లెక్స్ నీళ్లలో కరగదు. కింద పడిన నీరు చూడ్డానికి లేత నీలంగా, ఏముందిలే అన్నట్టు ఉంది. అందులో రెండు చుక్కల అమ్మోనియా వేసింది. నాళిక అడుగు నుంచి పైదాకా ముదురు నీలం అలుముకుంది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో కాపర్ గుర్తించే పరీక్షే అది. ఏప్రిల్ పొడితో అదే చేస్తే నీరు నీరులాగే ఉండిపోయింది. ఆ అమ్మాయి రెండు నాళికలనూ కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత కొలిచాం. పొడిని గాఢ నైట్రిక్ యాసిడ్‌తో కాచి, మ్యూరెక్సైడ్ ఇండికేటర్‌తో ఈడీటీఏ టైట్రేషన్ చేశాం. స్వచ్ఛమైన కాంప్లెక్స్‌లో రాగి 21.7 శాతం ఉండాలి. ఫిబ్రవరి బ్యాచ్‌లో 25.1 ఉంది. కాపర్ క్లోరైడ్ డైహైడ్రేట్‌లో రాగి 37.3 శాతం కాబట్టి లెక్కగడితే పొడిలో 22 శాతం దాకా ఉత్త ఉప్పే. ఎక్కువ వేసిన రాగి, ఆరబెట్టడం, ఈథర్ కడుగుడు, ఈ మూడూ కలిసి చేసిన పని అది. కాపర్ క్లోరైడ్ ఆల్కహాల్‌లో, నీళ్లలో కరుగుతుంది. ఈథర్‌కు దాన్ని కడిగే శక్తి లేదు. ఆ రోజు ఈథర్ వాడమన్నది నేనే, తొందరగా ఆరుతుందని.

కారణం తెలిస్తే సరిపోదు, దాన్ని నిరూపించాలి. ఫిబ్రవరి పొడిని నీళ్లతో, మెథనాల్‌తో కడిగి మళ్లీ ప్లేటు మీద పెట్టాం: 15. ఏప్రిల్ పొడికి 22 శాతం కాపర్ క్లోరైడ్ కావాలని కలిపి పెట్టాం: 20. తీసేస్తే తగ్గింది, కలిపితే పెరిగింది. ఉత్త కాపర్ క్లోరైడ్ మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల దగ్గర 16 ఇచ్చింది. ఈ ఆఖరి వెల్ ఫిబ్రవరిలోనే ఉండాల్సింది. లోహ లవణం కంట్రోల్ లేకుండా "కాంప్లెక్స్ మెరుగు" అని ఎవరు రాసినా, మొదటి డ్రాఫ్టు మాదే అయినా, ఆ మాటకు ఆధారం లేదు.

ఐదో వంతు ఉప్పుకు ఇంత ప్రభావం ఎలా వచ్చిందన్న అనుమానం మీకు రావచ్చు, మాకూ వచ్చింది. ప్లేటును వెలుతురులో దగ్గరగా పెట్టి చూస్తే తెలిసింది. వెల్ గోడ చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటర్ల మేర ఆకుపచ్చ వలయం గట్టుకట్టినట్టుంది. డీఎంఎస్‌ఓలో కరిగిన కాంప్లెక్స్ అగార్‌లోని నీటికి తగలగానే అక్కడే అవక్షేపమై ఆగిపోయింది. ఉప్పు అలా ఆగదు, అగార్‌లోకి హాయిగా పాకుతుంది. అంటే మేం కొలిచిన జోన్ అంచును గీసిందెవరో మాకే తెలియదు. ఈ రకం పేపర్లలో ఒక పేరా దాదాపు తప్పనిసరిగా ఉంటుంది. కీలేషన్ (లిగాండ్ లోహాన్ని చుట్టి పట్టుకోవడం) వల్ల లోహం ధ్రువత తగ్గుతుంది, కొవ్వులో కరిగే గుణం పెరుగుతుంది, అందుకే కణ త్వచం దాటి పనిచేస్తుంది అని చెప్పే పేరా. దాన్ని ట్వీడీ సిద్ధాంతం అంటారు, 1960ల నాటిది. ఆలోచన చెడ్డది కాదు. కానీ కొవ్వులో కరిగే గుణం పెరిగితే నీటి అగార్‌లో పాకే గుణం తగ్గుతుంది. అలాంటప్పుడు జోన్ పెద్దదయింది కాబట్టి ట్వీడీ చెప్పింది నిజమైంది అని ఎలా రాస్తాం? మా డ్రాఫ్టులోంచి ఆ పేరా తీసేశాను.

ఇక జోన్ల మీద ఆధారపడటం మానేసి ఎంఐసీకి, అంటే బాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు కొలతకు, వెళ్లాం. 96 వెల్స్ ప్లేటు, ముల్లర్-హింటన్ బ్రాత్, మిల్లీలీటరుకు 5 లక్షల బాక్టీరియా, డీఎంఎస్‌ఓ ఒక శాతం మించకుండా, మిల్లీలీటరుకు 256 మైక్రోగ్రాముల నుంచి సగం సగం తగ్గించుకుంటూ. ఇక్కడా ఒక చిక్కు వచ్చింది. 256, 128 వెల్స్‌లో కాంప్లెక్స్ తిరిగి పొడిగా దిగి మసకబారింది. ఆ మసక బాక్టీరియాదా, పొడిదా కంటితో చెప్పలేం, రీడర్ కూడా చెప్పలేదు. అందుకే బాక్టీరియా వేయని వెల్స్ ఒక వరుస పక్కనే పెట్టాం. ప్రతి వెల్ నుంచి 10 మైక్రోలీటర్లు తీసి కొత్త అగార్ మీద చుక్క పెట్టి, మర్నాడు కాలనీలు చూసి సరిచూసుకున్నాం. సిప్రో ఎంఐసీ ఏటీసీసీ 29213 మీద 0.25 వచ్చింది. అది 0.12 నుంచి 0.5 హద్దులో ఉంది కాబట్టి ఆ ప్లేటును నమ్మొచ్చు.

ఫలితం: స్టాఫైలోకాకస్ మీద స్వచ్ఛమైన కాంప్లెక్స్ ఎంఐసీ 64. లిగాండ్ 256. కాపర్ క్లోరైడ్ 256 దగ్గర కూడా ఆపలేదు. బ్రాత్‌లో కేసిన్ నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు దండిగా ఉంటాయి, అవి రాగిని పట్టేసుకుంటాయి. అంటే కాంప్లెక్స్‌కు నిజంగానే సొంత పని ఉంది. ఉప్పును తీసేసినా నిలబడింది. ఇది చూసి నాకు ప్రాణం లేచివచ్చింది.

కానీ స్కాలర్ తనంతట తానే ఇంకో వరుస పెట్టింది. కాంప్లెక్స్ చేయకుండా, లిగాండ్‌ను, కాపర్ క్లోరైడ్‌ను సమాన మోల్స్‌లో విడివిడిగా అదే వెల్‌లో వేసింది. కాంప్లెక్స్ బరువు లెక్కన దానికీ 64 వచ్చింది. అంటే రెండూ బ్రాత్‌లోనే కలిసిపోతున్నాయి. మేం ఫ్లాస్కులో మూడు గంటలు చేసిన పనిని ఆ వెల్ తనే చేసుకుంటోంది. కాబట్టి "మేం చేసిన కాంప్లెక్స్ అణువే బాక్టీరియాను చంపింది" అని రాయలేం. "ఈ లిగాండ్, రాగి కలిసి ఉన్నప్పుడు పనిచేస్తున్నాయి" అనే రాయగలం. ఈ వరుస ఆలోచన ఆ అమ్మాయిదే. మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది కూడా అదే.

ఈ. కోలై మీద 256 దాకా ఏమీ లేదు. ఫిబ్రవరిలో దాని మీద చూసిన 14 మిల్లీమీటర్లు చాలావరకు ఉప్పుది, కొంత డీఎంఎస్‌ఓది. ఈ. కోలై లాంటి గ్రామ్ నెగటివ్ బాక్టీరియాకు బయట ఇంకో త్వచం ఉంటుంది, లోపలికి వచ్చినదాన్ని బయటికి తోసే పంపులూ ఉంటాయి. మా అణువు ఆ గోడ దగ్గరే ఆగిపోయి ఉండాలి.

తర్వాతి ప్రశ్న మనిషి, జంతువుల కణాల మాటేమిటని. 64 మైక్రోగ్రాములంటే మోలార్ లెక్కలో సుమారు 218 మైక్రోమోలార్. కాపర్ థయోసెమికార్బజోన్లు క్యాన్సర్ కణాలను అంతకన్నా చాలా తక్కువ మోతాదులో చంపుతాయని ఎప్పటినుంచో తెలిసిందే, అందుకే క్యాన్సర్ పరిశోధకులు వీటి వెంట పడతారు. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు వీరో కణాల (కోతి మూత్రపిండం నుంచి వచ్చిన కణాలు) మీద పెట్టి చూశారు. 64 చేరకముందే సగానికి పైగా కణాలు పోయాయి. బాక్టీరియాను ఆపే మోతాదుకు ముందే ఇలాంటి కణాలు చనిపోతే అది లోపలికి తీసుకునే మందు కాదు. సిల్వర్ సల్ఫాడయాజీన్ 1968 నుంచి కాలిన గాయాల మీద పూతగా నిలబడింది కాబట్టి, మా కాంప్లెక్స్‌ను కూడా పూతగా వాడొచ్చు కదా అని ఒకరు అన్నారు. బాక్టీరియాకన్నా ముందే కణాలను చంపేదాన్ని గాయం మీద పెట్టడం కూడా సరికాదు. అందుకే ఈ అణువును మందు దారిలో ముందుకు తీసుకెళ్లడం లేదు.

సెమినార్ వాళ్లకు మెయిల్ రాసి అబ్‌స్ట్రాక్ట్ వెనక్కి తీసుకున్నాం. థీసిస్‌లో రెండు బ్యాచ్‌ల వివరాలూ పక్కపక్కనే ఉన్నాయి, ఫిబ్రవరి పొడి ఎలా కలుషితమైందో, దాన్ని ఎలా పట్టుకున్నామో సహా. ఆ అధ్యాయం ఉంటే ఎగ్జామినర్లు ఏమంటారోనని ఆ అమ్మాయి భయపడింది. ఉంచుదాం అన్నాను.

లోహాల మీద నాకు నమ్మకం పోలేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ నుంచి నడిచే కో-యాడ్ అనే బృందం ప్రపంచం నలుమూలల కెమిస్టుల దగ్గర నుంచి అణువులు తీసుకుని ఉచితంగా పరీక్షిస్తూ వచ్చింది. 2020లో వాళ్లు 906 లోహ సమ్మేళనాల లెక్క బయటపెట్టారు. సూక్ష్మజీవుల మీద పనిచేసి, కణాలకు హాని చేయనివి వాటిలో 9.9 శాతం. ఉత్త ఆర్గానిక్ అణువుల్లో ఆ సంఖ్య 0.87 శాతమే. మేం ఎదుర్కొన్న ప్రశ్నలన్నీ ఒకే చోట, ఒకే పద్ధతిలో అడిగితే వచ్చిన లెక్క కాబట్టి దానికి విలువ ఇస్తాను.

ఇప్పుడు అదే లిగాండ్‌కు చివర నీటికి ఇష్టమైన ఒక గ్రూపు తగిలించి, అగార్‌లో ఆకుపచ్చ గట్టు కట్టకుండా పాకేలా చేయగలమా అని చూస్తున్నాం. మొదటి బ్యాచ్ నిన్న ఆరింది. యీల్డ్ 54 శాతం. కుదిపిన నీళ్లలో అమ్మోనియా వేస్తే రంగు రాలేదు. రేపు ఈడీటీఏ టైట్రేషన్, ఆ తర్వాత సీహెచ్‌ఎన్‌కు పంపడం. మైక్రోబయాలజీ వాళ్ల ప్లేట్లు రిపోర్టు వచ్చాకే బుక్ చేస్తాం.